కోడిపిల్లే కదా అని వదిలేద్దామా?

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మనలో చాలామంది చూసే ఉంటారు. తల్లికోడి వెంట పది పిల్లలు తిరుగుతుంటే, ఒకటి మాత్రం రెక్కలు వాల్చి మూలకు నిలబడుతుంది. "పోయే పిల్ల పోతది, దానికి ఇంత సేవ ఎందుకు?" అంటారు పెద్దలు. ఈ మాట సరికాదని నా అభిప్రాయం.

మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలి మీద బతికేవారే. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక ఎన్ని ఇళ్లకు కష్టం వచ్చిందో మనకు తెలుసు. అలాంటి ఇళ్లలో నాటుకోడి అంటే అమ్మ దాచుకున్న డబ్బు. మన నోటు బుక్కులకు, బస్సు చార్జీలకు అదే అక్కరకు వస్తుంది.

జబ్బు పిల్లను ముందు మిగతావాటి నుంచి వేరు చేయాలి. గంపలో పొడి ఉనుక పరిచి, పైన బల్బు వేలాడదీయాలి. మొదటి వారం దానికి సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ముడుచుకుని అరుస్తుంటే చలి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం కలిపి ముక్కు కొనను ముంచితే అదే తాగుతుంది. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెట్టలో రక్తం కనిపిస్తే పశువుల డాక్టరును అడగాలి. మనుషుల మాత్రలు విరిచి వేయకూడదు. పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కోళ్లు ఒక్కసారిగా గుంపుగా చనిపోతే మాత్రం ముట్టుకోకుండా పశువుల దవాఖానకు చెప్పాలి. 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరిచిపోవద్దు.

అయితే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి వస్తే ఎంత సేవ చేసినా నయం చేసే మందు లేదు. మనది పసుపు పండే జిల్లానే గానీ, పసుపు పెడితే ఆ తెగులు పోదు. ముందే టీకా వేయించాలి. పిల్లకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లాసోటా, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో సూది.

చిక్కంతా ఇక్కడే ఉంది. టీకా సీసా సాధారణంగా వంద కోళ్లకో, అంతకన్నా ఎక్కువకో సరిపోయేలా వస్తుంది. ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. పది పిల్లలున్న ఒక్క ఇంటికి అది కుదరదు. వాడలోని ఇళ్లన్నీ ఒకే రోజు కలవాలి.

ఆ కలిపే పని మనం చేయాలి. చదువుకునే పిల్లలకు కోళ్ల గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. పాశ్చర్ 1879లో కోళ్ల కలరా మీద పరిశోధిస్తూనే టీకా మార్గం కనిపెట్టాడు. ఆ పాఠం పరీక్షలో మార్కులకేనా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవుల్లో ఒక నోటు బుక్కు తీసి, మీ వాడలో ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు, ఎన్ని పిల్లలు ఉన్నాయో రాయండి. ఆ లెక్కతో పశువుల దవాఖానకు వెళ్లి టీకా రోజు అడగండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఐసు డబ్బా ఖర్చు పెట్టుకుంటే చాలు.