ఇంటి బొమ్మకు ఇంటి టీవీలో చోటు లేదా?

"ఇంకా ఆ డబ్బా ఎందుకండీ అయ్యవారూ? అంతా నెట్లోనే ఉంది గదా!" ఈ మధ్యకాలంలో నేను అందరికంటె ఎక్కువగా విన్న మాట ఇది. వారు డబ్బా అంటున్నది మా టీవీ పక్కన పెట్టుకున్న 4 టెరాబైట్ల హార్డ్ డిస్కును. అందులో ఏమున్నదో ఎవరూ అడగరు. అడగకుండానే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, ఒక తరం జ్ఞాపకాలను నిశ్శబ్దంగా తుడిచిపెట్టగల ప్రమాదం. ఎందుకో వివరిస్తాను, ఓపికతో చదవండి.

ముందు ఆ డిస్కులో ఏమున్నదో చెప్పనివ్వండి. మా పాఠశాల వార్షికోత్సవాలలో పిల్లలు వేసిన నాటికలున్నాయి. కనిగిరి చుట్టుపక్కల జరిగిన అష్టావధానాలు రెండున్నాయి. తిరునాళ్ళలో తెల్లవారే దాకా ఆడిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఉన్నది. మా బంధువుల పెళ్ళిళ్ళున్నాయి. మా అమ్మ వంటింటి గడపమీద కూర్చుని మాట్లాడిన 11 నిమిషాలున్నాయి. వీటితోపాటు డబ్బు పెట్టి కొని దాచుకున్న పాత సినిమాలున్నాయి. ఈ చివరివి తప్పిస్తే మిగిలినవి ఏ నెట్లో ఉన్నాయో ఆ తీర్పరులే చూపించాలి.

పెళ్ళి వీడియో అనగానే నవ్వేవారున్నారు. నవ్వకండి. మాది వాన మీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. నీటిలో ఫ్లోరైడు, పొలంలో అప్పు. బ్రతుకుదెరువుకు బెంగుళూరుకో హైదరాబాదుకో పోయినవారి ఇళ్ళు తాళాలతో నిలబడి ఉన్నాయి. ఆ వీధి నిండుగా, పచ్చని పందిరి క్రింద, అందరూ బ్రతికి ఉండగా ఎలా ఉండేదో నేటి పిల్లవాడు చూడదలచుకుంటే ఆ పెళ్ళి క్యాసెట్టు తప్ప వేరే ఆధారం లేదు. ఏ అత్తగారు ఎవరిని ఏమని పిలిచేవారో, అప్పగింతల పాట ఏ వరుసలో పాడేవారో, వడ్డన వేళ ఎవరు ఎవరిని ఎలా బలవంతపెట్టేవారో ఏ పుస్తకమూ చెప్పదు. అవధానం సంగతి మరీ దారుణం. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అని పృచ్ఛకులు చుట్టుముడితే సభలో పుట్టిన పద్యం అది. వ్రాసుకున్నవాడో, చిత్రించినవాడో లేకపోతే ఆ సాయంత్రమే గాలిలో కలిసిపోతుంది.

ఈ విషయంలో మన పూర్వులకున్న తెలివి మనకు లేకుండా పోయింది. తాటాకు శాశ్వతం కాదని వారికి తెలుసు. చెదలు తినకముందే క్రొత్త ఆకులమీదికి ప్రతి ఎత్తేవారు. సి.పి. బ్రౌను మన గ్రంథాలను ఉద్ధరించాడంటే ఏం చేశాడు? పండితులకు జీతాలిచ్చి ప్రతులు తీయించాడు, సరిచూపించాడు. తాళ్ళపాకవారు సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించారు. అవి తిరుమల భాండాగారంలో శతాబ్దాలు నిద్రించి, 20వ శతాబ్దంలో వెలికివచ్చినపుడు, అక్షరం తెలిసినవాడు చదవగలిగాడు. ఆ రేకును చదవడానికి రేకు చేసిన కంసాలి అనుమతి అక్కరలేకపోయింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. వీహెచ్ఎస్ క్యాసెట్టు 1976లో పుట్టింది. దానిని ఆడించే యంత్రాలను తయారుచేస్తూ మిగిలిన చివరి సంస్థ, జపానుకు చెందిన ఫునాయ్, 2016లో ఆ పని మానుకున్నది. తరువాత వీసీడీలు వచ్చాయి. ఒక్క సినిమాకు రెండు మూడు బిళ్ళలు, ఒక్కొక్క దానిలో 74 లేక 80 నిమిషాలు. పిమ్మట 4.7 గిగాబైట్ల డీవీడీ. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. సామాన్యుడు దొంగబిళ్ళ కాకుండా అసలు బిళ్ళ కొనగలిగిన రోజులవి. ఆ సంస్థ కూడా 2018లో మూతపడే స్థితికి చేరింది. ప్రతి వాహనమూ ఇలా మధ్యదారిలో ఆగిపోయేదే. కనుక ఒకదానినుండి మరొకదానికి ఎక్కించుకుంటూ పోవడమే మన పని. ఇప్పటికి చేరిన మజిలీ హార్డ్ డిస్కు. 180 నిమిషాల క్యాసెట్టును సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున డిజిటల్ చేస్తే సుమారు 6.75 గిగాబైట్ల దస్త్రమవుతుంది. అటువంటివి 4 టెరాబైట్లలో 590 దాకా పడతాయి. ఒక వీధి వీధి పెళ్ళిళ్ళన్నీ అరచేతిలో పట్టే పెట్టెలో ఇమిడిపోతాయి. ఇంతటి వరం బ్రౌనుకు లేదు.

మరి ఆ పెట్టెను టీవీకి తగిలిస్తే ఏమవుతున్నది? అసలు కథ ఇక్కడ ఉన్నది.

దుకాణంలో "ఏది పెట్టినా ఆడుతుంది సార్" అంటారు. ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటే బయటపడుతుంది. మొదటిది డిస్కును అమర్చిన పద్ధతి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక దస్త్రం 4 గిగాబైట్లకు మించరాదు. పైన చెప్పిన పెళ్ళి క్యాసెట్టు అందులో పట్టదు. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో పెడితే కొన్ని టీవీలు చదువుతాయి, కొన్ని చదవవు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ సంగతీ అంతే. దాని వివరాలను మైక్రోసాఫ్ట్ 2019లో లోకానికి బహిరంగపరిచింది, కనుక తెలియలేదని సాకు చెప్పడానికి వీలులేదు. రెండవది పరిమాణం. సాధారణంగా 2 టెరాబైట్లు దాటిన డిస్కుకు జీపీటీ అనే విభాగ పట్టిక కావాలి. పాత పట్టిక మాత్రమే తెలిసిన టీవీకి అంతకు మించినది కనబడదు. మూడవది విద్యుత్తు. యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇవ్వవలసినది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇవ్వవలసినది 900. చిన్న డిస్కు అయినా తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకంటె ఎక్కువ కోరవచ్చు. అప్పుడది టిక్కు టిక్కుమని కొట్టుకుంటుందే గాని తిరగదు. డిస్కు చెడిపోయిందని జనం పారవేస్తారు. పెద్ద డిస్కులకు విడిగా అడాప్టరు ఉంటుంది. ఆ అడాప్టరును ఇన్వర్టరు లైనుకు తగిలించకపోతే మా ఊరి కరెంటు కోతలు దానిని నడుమలో నిలిపివేస్తాయి.

నాల్గవది శబ్దం. బొమ్మ ఆడుతుంది, మాట వినబడదు. డీటీఎస్ అనే శబ్ద పద్ధతిని సామ్‌సంగ్ 2018 నుండి తన టీవీలలో వదిలివేసింది. ఎల్‌జీ 2020లో వదిలి, 2023లో కొన్నింటిలో తిరిగి చేర్చింది. అంటే పాత టీవీలో మాట్లాడిన డిస్కు, ఎక్కువ డబ్బు పోసి కొన్న క్రొత్త టీవీలో మూగబోవచ్చునన్నమాట. దీనిని అభివృద్ధి అంటారా?

అయిదవది నన్ను, తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి, ఎక్కువ బాధించేది. దస్త్రానికి చక్కగా తెలుగులో పేరు పెడితే, ఎన్నో టీవీలు వరుసగా ఖాళీ గళ్ళు చూపిస్తున్నాయి. యూనికోడ్ మొదటి కూర్పు వెలువడిన 1991 లోనే తెలుగుకు స్థానమున్నది. కంప్యూటర్లలో, ఫోనులలో నేడు తెలుగు ధారాళంగా కనబడుతున్నది. తెలుగు ఊళ్ళలో లక్షలకొద్దీ అమ్ముడయ్యే టీవీకి ఒక్క తెలుగు అక్షరరూపం జతచేయడానికి ఎంత ఖర్చు? ఖర్చు కాదు, ఖాతరు లేదు. "అమ్మ మాటలు" అని వ్రాసిన చోట నాలుగు గళ్ళు కనబడితే నాకు కలిగేది అసౌకర్యం కాదు, అవమానం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు తన తండ్రిగారి హరికథలను డిస్కులో పెట్టుకున్నాడు. క్రొత్త టీవీకి తగిలించగానే తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి డిస్కును సిద్ధం చేయమంటావా అని దాని సారాంశం. సిద్ధం చేయడమంటే అందులో ఉన్నదంతా చెరిపివేయడం. 70 ఏళ్ళ ఆ మనిషికి ఓకే అనే మీట ఒక్కటే తెలుసు. నొక్కాడు. హరికథలు పోయాయి. వేరే ప్రతి లేదు. దీనికి "చదువుకోకుండా ఎందుకు నొక్కాడు" అని ఎదురు ప్రశ్న వేసేవారికి నా సమాధానం ఒక్కటే. పురుగుల మందు డబ్బామీద పుర్రె బొమ్మ ఎందుకు వేస్తారు? చదువు రానివాడు కూడా ప్రాణం కాపాడుకోవాలని. ఒక కుటుంబం గొంతును తుడిచివేసే ప్రశ్నను తెలుగు నేలమీద ఇంగ్లీషులో, ఒక్క మీట దూరంలో పెట్టినవాడిది తప్పు గాని, నొక్కినవాడిది కాదు.

ఇక "అంతా నెట్లోనే" అనేవారి వాదం చూద్దాం. నెట్లో ఉన్నది మనది కాదు. 2009లో అమెజాన్ తన పాఠకులు డబ్బిచ్చి కొన్న ఆర్వెల్ పుస్తకాన్ని వారి కిండిల్ యంత్రాలనుండి వారికి చెప్పకుండానే తీసివేసింది. ఆ పుస్తకం పేరు '1984' కావడం విధి చమత్కారం. సినిమాలు కొని దాచుకోండి అని హాలీవుడ్ సంస్థలు కలసి నడిపిన అల్ట్రావయొలెట్ 2019 జులై 31న మూతపడింది. 2022లో జర్మనీ, ఆస్ట్రియా దేశాలలో ప్లేస్టేషన్ దుకాణంలో కొన్న స్టూడియోకెనాల్ చిత్రాలు కొన్నవారికే దక్కకుండా పోయాయి. చివరకు కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టమే చేసింది. ఇచ్చేది తాత్కాలిక అనుమతి మాత్రమే అయినపుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అన్న మాట వాడరాదని దాని తాత్పర్యం. 2025 జనవరి 1 నుండి అది అమలులో ఉన్నది. అమ్మేవాడి దేశంలోనే ఈ మాట చట్టమైంది. మనం మాత్రం నెలకింత కట్టి, అంతా మనదేననుకొని నిద్రపోతున్నాము.

పెద్ద సంస్థలు భద్రంగా దాస్తాయిలే అనుకునేవారు మన చరిత్ర చూడాలి. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు దొరకదు. 1964లో పుణేలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడేనాటికే ఎన్నో పోయాయి. 2003 జనవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేటు రీళ్ళు మరికొన్ని బూడిదయ్యాయి. కోట్ల వ్యాపారం చేసిన సినిమా గతే ఇది. కనిగిరిలో జరిగిన అవధానాన్ని ఎవడు దాస్తాడు? దాచవలసినవాడు ఆ ఇంటివాడే.

ఇంట్లో సినిమాలు దాచుకోవడం దొంగతనం కాదా అని మరికొందరి శంక. దొంగతనంగా దించుకున్నవాటిని నేను సమర్థించడం లేదు. అయితే చట్టం ఏమంటున్నదో తెలుసుకుని మాట్లాడాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమామీద హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాలు. ఆ లెక్కన 1957లో వచ్చిన 'మాయాబజార్' మీది హక్కు 2017తో ముగిసింది. 2010లో వచ్చిన రంగుల ప్రతి సంగతి వేరు. సొంత వినియోగానికి సమంజసమైన వాడకాన్ని ఆ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తున్నది. మరి మన పెళ్ళి, మన నాటకం, మన అమ్మ మాట వీటిమీద హక్కు మనది కాక ఎవరిది?

డిస్కు మాత్రం చెడిపోదా అంటారా? తప్పక చెడిపోతుంది. ఈ వాదాన్ని నేను కాదనను. దీనికి విరుగుడు డిస్కును వదిలివేయడం కాదు, రెండవ డిస్కు కొనడం. తాటాకు చెడిపోతుందని మన పూర్వులు వ్రాయడం మానలేదు, ప్రతులు పెంచారు. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఉండాలి. ఏడాదికొకసారైనా రెండింటినీ ఆడించి చూడాలి. నెట్లో మూడవ ప్రతి పెట్టుకుంటే మంచిదే. అది అదనం కావాలి గాని ఆధారం కాకూడదు.

కనుక నేను కోరేది ఇది. టీవీ పెట్టెమీద విద్యుత్ పొదుపు నక్షత్రాలు ముద్రిస్తున్నారు గదా, ఆ ప్రక్కనే ఆ టీవీ ఎంత పెద్ద డిస్కును, ఏ ఏ పద్ధతులను చదువుతుందో, ఏ శబ్దాలను వినిపిస్తుందో కూడా ముద్రించాలని ప్రభుత్వం ఆదేశించాలి. డిస్కును చెరిపివేసే ప్రశ్న ఏదైనా కొన్నవాడి భాషలో, రెండుసార్లు అడగాలి. తెలుగు పేర్లు తెలుగులో కనబడాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

ప్రభుత్వం కదిలే వరకు మన చేతిలో ఉన్నది మనం చేయాలి. టీవీ కొనేటపుడు మీ డిస్కును దుకాణానికే తీసుకొని వెళ్ళండి. రెండవ ప్రతి ఇంట్లో ఉంచుకొని మరీ వెళ్ళండి. అక్కడ బొమ్మా మాటా రెండూ వచ్చాకే డబ్బు ఇవ్వండి. పదిమంది ఇలా అడిగితే దుకాణదారు కంపెనీని అడుగుతాడు. మీ అటకమీద క్యాసెట్లుంటే ఈ వేసవిలోగా దించండి. బూజు ఎవరికోసమూ ఆగదు, ఆడించే యంత్రాలు క్రొత్తవి ఇక రావు. ప్రతి దస్త్రానికీ ఊరు, సంవత్సరం, అందులో ఉన్నవారి పేర్లు తెలుగులో వ్రాయండి, ఒక కాగితం మీద కూడా వ్రాసి డిస్కుతోపాటు పెట్టండి. టీవీ గళ్ళు చూపించినా కాగితం చూపించదు. ఆ ముఖాలను గుర్తుపట్టి పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు. వారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, వారుండగానే ఆ పని పూర్తి చేయండి.