అణువిద్యుత్తు: వెలుగు అందరిదీ, పూచీ ఎవరిది?

పార్లమెంటులో ఒక్క మాట కోసం జరిగే పోరాటాలు బయటివారికి చాదస్తంగా కనిపించవచ్చు. కాని ఆ ఒక్క మాటతోనే కోట్లాది రూపాయల బరువు ఒకరి భుజం మీదినుంచి మరొకరి భుజం మీదికి మారిపోగలదని 2010 ఆగస్టులో అణునష్ట పౌర బాధ్యత బిల్లు మీద జరిగిన రభస నిరూపించింది. శ్రీ టి. సుబ్బరామిరెడ్డి అధ్యక్షతన గల స్థాయీ సంఘం ఆ బిల్లును పరిశీలించింది. సంఘం నివేదికలో రెండు ఉపక్లాజుల నడుమ ‘మరియు’ అన్న మాట చేరడంతో ప్రతిపక్షాలు భగ్గుమన్నాయి. ఆ మాట ఉన్నట్లయితే, ఒప్పందపత్రంలో ముందుగా వ్రాసుకొని ఉంటే తప్ప, లోపభూయిష్టమైన యంత్రాలు అమ్మిన కంపెనీనుంచి నష్టాన్ని రాబట్టుకునే వీలుండదు. ఆ మాటను తొలగించగానే ‘ఉద్దేశంతో’ అన్న మరో మాట వచ్చి కూర్చుంది. భారతీయ జనతా పార్టీ, వామపక్షాలు పట్టుబట్టి దానినీ తీయించాయి.

నాటి పట్టుదలకు కారణం లేకపోలేదు. సరిగా ఆ ఏడాది జూన్ నెలలోనే భోపాల్ కేసులో తీర్పు వెలువడింది. 1984 డిసెంబరునాటి ఘోరానికి ఇరవై ఆరేళ్ల తరువాత దోషులకు పడిన శిక్ష రెండేళ్ల జైలు. అంతకుముందు 1989లోనే 47 కోట్ల డాలర్లతో నష్టపరిహారం వ్యవహారం ముగిసిపోయింది. అణు యంత్రాల విషయంలో అదే కథ పునరావృతం కారాదన్న సంకల్పంతో సరఫరాదారుమీద కూడా బాధ్యత మోపిన చట్టం అది.

పదిహేనేళ్లు గడిచాయి. 2025 డిసెంబరులో ‘శాంతి’ అనే ముచ్చటైన పేరుతో వచ్చిన కొత్త చట్టం 1962నాటి అణుశక్తి చట్టాన్నీ, ఈ 2010 చట్టాన్నీ ఒకేసారి రద్దుచేసింది. అణువిద్యుదుత్పాదన రంగం తలుపులను ప్రైవేటు సంస్థలకు తెరిచింది. ఇకమీదట ఒప్పందంలో స్పష్టంగా వ్రాసుకొని ఉంటేనో, కావాలనే నష్టం కలిగించినట్లు తేలితేనో తప్ప సరఫరాదారు జోలికి పోవడానికి లేదు. అంటే 2010లో ముందు తలుపునుంచి గెంటివేసిన రెండు మాటలూ మరో రూపంలో లోపలికి వచ్చి ఆసనం వేసుకున్నాయి. ఆనాడు వాటిని గెంటించిన పక్షమే ఈనాడు స్వాగతం పలికింది. బిల్లును సంఘానికి నివేదించాలన్న ప్రతిపక్షం కోరిక మన్నన పొందలేదు. ప్రవేశపెట్టిన వారం తిరగకుండానే ఉభయసభల ఆమోదముద్ర పడింది.

ప్రభుత్వ వాదనను తోసిపుచ్చడం సులభం కాదు. పాత నిబంధన ఉన్నంతకాలం అమెరికా, ఫ్రెంచి కంపెనీలు ఒక్క రియాక్టరుకైనా తుది ఒప్పందం చేసుకోలేదు. 2025 చివరినాటికి దేశంలోని అణువిద్యుత్కేంద్రాల మొత్తం సామర్థ్యం 9 వేల మెగావాట్లకు లోపే. మొత్తం విద్యుదుత్పత్తిలో వాటి వాటా దాదాపు మూడు శాతం. 2047 నాటికి లక్ష మెగావాట్లు సాధిస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి ప్రకటించారు. సూర్యరశ్మి సాయంత్రానికి ఆగిపోతుంది, గాలి తన ఇష్టం వచ్చినప్పుడు వీస్తుంది. రేయింబవళ్లు ఒకే తీరున విద్యుత్తునిస్తూ, బొగ్గువలె ఆకాశాన్ని మసిచేయని వనరు అణువు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు వరకు 962 రోజులు ఆగకుండా పనిచేసి, నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అది మన ఇంజనీర్లు సొంతంగా నడిపిన యంత్రం. అందులోని ఇంధనం హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో తయారయినది. గోదావరి ఒడ్డున మణుగూరులో తయారయ్యే భారజలం కూడ ఇటువంటి రియాక్టర్లకోసమే. ఈ విజయంలో తెలుగు నేలకు గల భాగం చిన్నది కాదు.

ఇతర వనరులు నిర్దోషులని కూడ అనజాలము. థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలైలో సోంపేటలోనూ, మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ తుపాకులు పేలాయి. జలవిద్యుత్తు మాటకు వస్తే, బస్తరులో ఇంద్రావతిమీద బోధ్‌ఘాట్ ప్రాజెక్టుకు 1979లో శంకుస్థాపన జరిగినా, అడవులూ ఆదివాసుల ఊళ్లూ మునిగిపోతాయన్న అభ్యంతరాలమధ్య అది దశాబ్దాలపాటు ముందుకు కదలలేదు. ప్రతి దీపం వెనుకా ఎవరిదో ఒక ఊరు ఉంటుంది. కావున అణువిద్యుత్తు కావాలా వద్దా అన్న ప్రశ్నకంటె, దాని ముప్పును ఎవరు మోయాలన్న ప్రశ్నే ముఖ్యమని ఈ విలేఖరి అభిప్రాయం.

ఆ ప్రశ్నకు చిరునామా శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఉంది. అక్కడి కొవ్వాడ తీరాన ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు నిర్మించాలన్నది ప్రతిపాదన. రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, జీరుకొవ్వాడ మొదలగు గ్రామాల రైతులూ, మత్స్యకారులూ పదేళ్లకు పైబడి రెంటికీ చెడ్డ రేవడి అయినారు. ఊరు విడిచిపొమ్మన్నారు గాని, ఏ కేంద్రం కోసం పొమ్మన్నారో అది రాలేదు. తొలుత జనరల్ ఎలక్ట్రిక్ పేరు వినిపించింది. తరువాత వెస్టింగ్‌హౌస్ వచ్చింది. ఆ వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. అదే నమూనాతో జార్జియా రాష్ట్రంలో కట్టిన రెండు వోగ్టిల్ యూనిట్లు ఏళ్ల తరబడి ఆలస్యమై 2023లోనూ 2024లోనూ పనిచేయనారంభించేసరికి, 1,400 కోట్ల డాలర్ల తొలి అంచనా 3,000 కోట్లు దాటింది. సౌత్ కరొలినాలో మరో రెండింటిని సగంలోనే వదిలివేశారు. కంపెనీ చేతులు మారి కోలుకున్న మాట నిజమే. కాని ఆ అనుభవపు ఖరీదు మన యూనిట్ ధరలో ఎంత పడుతుందో కొవ్వాడ ఒప్పందానికి ముందే ప్రజలకు చెప్పవలసి ఉన్నది.

ప్రమాదాల సంగతి సరేసరి. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా. అవి తరచు జరిగేవి కావు. జరిగితే మాత్రం లెక్కకు అందేవి కావు. ఫుకుషిమా నష్టపరిహారాలకు, శుద్ధికి, రియాక్టర్ల తొలగింపునకు 21.5 లక్షల కోట్ల యెన్లు కావలసి ఉంటుందని 2016లో జపాన్ ప్రభుత్వమే అంచనా వేసింది. మన రూపాయలలో అది పది లక్షల కోట్లకు పైమాటే. మన కొత్త చట్టం ప్రకారం అతిపెద్ద కేంద్రాన్ని నడిపే సంస్థకు సైతం గరిష్ఠ బాధ్యత 3,000 కోట్ల రూపాయలు. ఆపైన కేంద్రం వంతు ఉన్నది, దానికీ ఒక హద్దున్నది. ఇక మిగిలినది ఎవరి నెత్తిన? సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఇక్కడ కొంచెం మారి, లాభం ఒకరిది, భయం ఒకరిది అవుతున్నది.

తెలుగు పల్లెలకు ఈ శాఖతో ఇదివరకే పరిచయం లేకపోలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు తమ బోరునీళ్లను పాడుచేసిందని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. కొవ్వాడ ఉన్న ఉమ్మడి జిల్లాలోనే ఉద్దానం ఉన్నది. అక్కడ ఇంటింటినీ కుంగదీసిన మూత్రపిండాల వ్యాధికి ఇదమిత్థమైన కారణం దశాబ్దాలుగా తేలలేదు. అటువంటి జిల్లాలో నిపుణులు వచ్చి ‘భయం లేదు’ అన్నంతమాత్రాన జనం నమ్మాలనడం అత్యాశ.

చేయవలసినది లేకపోలేదు. కేంద్రం ప్రారంభం కాకముందే చుట్టుపక్కల జనం ఆరోగ్యాన్ని పరీక్షించి నమోదు చేయడం మొదటిది. అణుశక్తి నియంత్రణ మండలికి కొత్త చట్టం శాసనబద్ధ ప్రతిపత్తి కల్పించడం హర్షణీయం. దాని తనిఖీ నివేదికలు తెలుగులో ఆ గ్రామాల పంచాయతీ కార్యాలయాలకు చేరడం రెండవది. సరఫరాదారు బాధ్యతను కొవ్వాడ ఒప్పందంలోనే వ్రాయించడం మూడవది. చట్టం తప్పనిసరి చేయలేదంటే నిషేధించిందని అర్థం కాదు. ఒప్పందంలో వ్రాసుకునే స్వేచ్ఛ ఇంకా మిగిలే ఉన్నది.

తమ యంత్రం అంత సురక్షితమని చెప్పే కంపెనీకి ఆ ఒక్క వాక్యం క్రింద సంతకం చేయడానికి సంకోచం దేనికి? అది సంకోచిస్తే, కొవ్వాడ మత్స్యకారుడు సంకోచించడంలో తప్పేమున్నది? కేంద్రంలో అధికారాన్ని పంచుకుంటున్న తెలుగు పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్నను సభలో వేయగలరు. పదిహేనేళ్ల క్రితం ఒక్క మాట కోసం సభను దద్దరిల్లజేసిన సంప్రదాయం ఈ పార్లమెంటుదే.