మిరప పూత రాలిపోయాక చెప్పే సైన్సు మనకెందుకు?

పోస్టు పెద్దది. రెండు రాత్రులు స్టడీ అవర్‌లో కూర్చుని రాశా. చదివి తిట్టినా పర్లేదు గానీ, చదవకుండా లైకు కొట్టొద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న మంచి మాట పెట్టాడు. కొత్త సైన్సు సంగతుల మీద వారానికి ఒక అరగంట తెలుగులో, వీలైతే కొంచెం మన భాషల్లో, రేడియోలో కార్యక్రమం కావాలని ఆకాశవాణి విజయవాడకి అందరం కలిసి అడుగుదాం అన్నాడు. దానికి వచ్చిన జవాబులు చూసి నాకు ఒళ్లు మండింది. "ఈ కాలంలో రేడియో ఎవడు వింటాడు?" అని ఒకరు. "మనకి కావాల్సింది బ్యాక్‌లాగ్ పోస్టులు, స్కాలర్‌షిప్పులు, నక్షత్రాల కబుర్లు కాదు" అని ఇంకొకరు. నవ్వే బొమ్మలైతే లెక్కే లేదు.

నక్షత్రాల సంగతి తర్వాత. ముందు మిరప సంగతి మాట్లాడుకుందాం.

2021లో మన వినుకొండ, బొల్లాపల్లి చేలల్లో నల్ల తామర పురుగు ఎట్టా పడిందో మీకు నేను చెప్పాలా? పువ్వులో గుంపులు గుంపులుగా చేరి, పూత మొత్తం రాల్చేసింది. మా నాయనది కౌలు చేను. మందుల షాపాయన ఏ డబ్బా చేతిలో పెడితే అది కొట్టాడు. తగ్గకపోతే రెండు కలిపి కొట్టమన్నాడు, రెండూ కలిపి కొట్టాడు. మా యాడి బిందెలతో నీళ్లు మోసింది. చివరికి చేను పీకేసి, అప్పు మిగిల్చుకున్నాం. మా తండాలో ఇదే కథ ఇంటింటికీ ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. 2015! మన మిరప మీద పడటానికి ఆరేళ్ల ముందు. సైంటిస్టులు చూశారు, పేరు పెట్టారు, పత్రికలో రాశారు. ఆ పత్రిక ఇంగ్లీషులో ఉంది. బెంగళూరు నుంచి వినుకొండకి పురుగు వచ్చింది గానీ వార్త రాలేదు. వచ్చేసరికి పూత లేదు. ఇష్టమొచ్చినట్టు మందులు కొడితే ఆ పురుగుని తినే మిత్ర పురుగులు కూడా చస్తాయని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టుకోవచ్చని, ఇవన్నీ మనకి తర్వాత తెలిసినవి. వారం వారం ఒక గొంతు "ఇదిగో, కొత్త పురుగు ఒకటి కనపడింది, ఇప్పటికి బొప్పాయి మీదే ఉంది, ఇంకా వేటి మీద బతుకుతుందో చూస్తున్నారు" అని చెప్పి ఉంటే పంట మొత్తం దక్కేదని నేను అనను. కానీ షాపాయన ముందు మా నాయన చేతులు కట్టుకుని నిలబడేవాడు కాదు. ఒక ప్రశ్న అయినా అడిగేవాడు.

ఇదీ నేను అడిగే సైన్సు. నిన్న మొన్న కనుక్కున్నది, ఇంకా తేలనిది, తేలే లోపే మన చేలోకి వచ్చేది.

మనకి సైన్సు అందట్లేదని కాదు. రెండు రకాలుగా అందుతోంది. ఒకటి ఆజ్ఞలు: చేతులు కడుక్కోండి, మాత్రలు వేసుకోండి, ఈ విత్తనం వేయండి. ఎందుకో చెప్పరు. చెప్పినా మనకి అర్థం కాదని వాళ్ల నమ్మకం. రెండోది పండగ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది, హాస్టల్లో అందరం టీవీ ముందు చప్పట్లు కొట్టాం. నాకూ కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అబద్ధం ఎందుకు. అయితే ఆ రాకెట్ లేచిన శ్రీహరికోట ఒకప్పుడు యానాదులు బతికిన దీవి అనీ, కేంద్రం కట్టడానికి వాళ్లని అక్కడి నుంచి లేపేశారనీ ఆ రోజు ఏ చానెల్ చెప్పింది? ఈ గ్రూపులో ఉన్న యానాది తమ్ముళ్లకే సగం మందికి తెలియదు. నేల మనవాళ్లది, చప్పట్లు మనవి. ఆ యంత్రం ఎట్టా పనిచేస్తుందో తెలుసుకోవడం మాత్రం ఇంకొకళ్ల పిల్లల వంతు.

బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియోలో 'సైన్స్ ఇన్ యాక్షన్' అని వారం వారం ఇంగ్లీషు కార్యక్రమం ఏళ్ల తరబడి నడిచింది. మా సీనియర్ అన్న పెడితే నేనూ కొన్ని విన్నా. సగం అర్థం కాలేదు, కానీ పద్ధతి అర్థమైంది. ఆ వారం పరిశోధన చేసిన మనిషినే పిలుస్తారు. నీకెట్టా తెలుసు అని అడుగుతారు. ఇంకా ఏం తెలియదు అని కూడా అడుగుతారు. పెద్ద ప్రొఫెసరు "అది మాకింకా తెలియదు" అంటాడు, అదీ రేడియోలో! మన బడిలో ఏ సారైనా ఆ మాట అనగా విన్నారా? రాజ్యాంగం 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అంటోంది. 1976లో చేర్చారు. విధి మన మీద పెట్టారు, సంతోషం. దానికి కావాల్సిన సరుకు ఏ భాషలో ఇచ్చారు?

ఇక "రేడియో ఎవడు వింటాడు" అన్న అన్నకి. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. మా యాడికి ఆ అక్షరాలు కూడా రావు. ఆవిడకి పుస్తకం పనికిరాదు, పేపరు పనికిరాదు, నువ్వు ఫార్వర్డ్ చేసే పీడీఎఫ్ అసలే పనికిరాదు. లిపి లేని భాషకి రేడియో అడ్డం రాదు, చెవులుంటే చాలు. మిరపకాయలు కోస్తా వినొచ్చు. ఫోనులో యూట్యూబ్ ఉంది గదా అంటారు. ఉంది. అందులో మందుల కంపెనీ ప్రకటన ఉంది, షుగరు మూడు రోజుల్లో తగ్గించే ఆకు ఉంది. తప్పు చెబితే రేపు ఎవరిని అడుగుతావు? ఆకాశవాణి అయితే ఉత్తరం రాసి నిలదీయొచ్చు. పైగా అది ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఫోనులోనూ వస్తుంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆదిలాబాద్ నుంచి గోండి భాషలో కార్యక్రమాలు వచ్చాయి. మరి గోర్ బోలిలో పది నిమిషాల సైన్సు కావాలంటే నవ్వెందుకు?

మనోళ్లకి అంత లేదు అనే వాళ్ల కోసం ఒక మాట. తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే కొత్త వరికి "రేడియో వరి" అని పేరు పెట్టుకున్నారు, రేడియోలో విని వేశారు కాబట్టి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపేది దళిత ఆడవాళ్లు, పొలం పని చేసుకునే వాళ్లు. మన వినుకొండలో పుట్టిన జాషువా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమాల నిర్మాతగా పనిచేశాడు. ఊరు అంటరానివాడన్న మనిషి గొంతు గాలిలో పోయింది, దాన్ని ఎవడూ ఆపలేకపోయాడు.

అసలు సైన్సు మన దగ్గర నుంచే మొదలైన సందర్భాలున్నాయి. మన పక్కన దర్శి, పొదిలి, కనిగిరి. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతుంటే ముందు గమనించింది అక్కడి రైతులు. తర్వాత 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాశారు. దాని గురించి ప్రపంచం చదివింది. ఆ నీళ్లు తాగినవాళ్లకి మాత్రం చెప్పలేదు.

ఉద్యోగాలే ముఖ్యం అనే అన్నలకి కూడా చెప్తున్నా, గ్రూప్స్ సిలబస్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీ లేదా? దానికోసం కోచింగ్‌కి డబ్బు కట్టేది మనం కాదా? సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది, ఆదివాసీ ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. అదే ఏడాది చివర్లో ఆ జబ్బుకి జన్యువునే సవరించే చికిత్సకి బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. కార్డు మనకి, కబురు వాళ్లకి. ఈ రెండింటికీ సంబంధం ఏందో వివరించి చెప్పే మనిషి కావాలంటే అది సోకు అంటారా?

ఉత్తరం నేను రాస్తున్నా. అడిగేవి మూడు. వారానికి అరగంట, పొలం నుంచి ఇంటికి వచ్చాక రాత్రి ఏడు దాటి. అందులో పది నిమిషాలు గోర్ బోలి, ఎరుకల, యానాదుల యాసలో వంతులవారీగా. ఆ పది నిమిషాలు మన పిల్లలే మాట్లాడాలి, శిక్షణ వాళ్లివ్వాలి. బీఎస్సీ చదివే వాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు గదా, పేర్లు ఇవ్వండి. ఆదివారం లోపు ఒక్కొక్కరు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక ప్రశ్న పంపండి, ఉత్తరం వెనక జత చేద్దాం. మా యాడి ప్రశ్న ముందే తీసుకున్నా: "ఒకే తండాలో ఆ బోరు నీళ్లు తాగిన పిల్లలకి పళ్లు గారపట్టి, ఈ బోరు వాళ్లకి ఎందుకు పట్టలేదు?"