బోజా పెంచితే తరక్కీ అవుతుందా?

మొన్న జుమ్మా నమాజు అయ్యాక రామాపురం వెళ్లాను. మా మామూ ఇంటి వెనక, వేపచెట్టు కింద ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ నిలబెట్టి ఉంది. మయ్యత్ మీద చాదర్ కప్పినట్టు దాని మీద నీలం పట్టా కప్పారు. కొని ఏడాది కూడా కాలేదు.

మామూ కొడుకు చీరాలలో దుప్పట్లు, లుంగీలు, తువ్వాళ్లు తెచ్చుకుని వేటపాలెం చుట్టుపక్కల పల్లెల్లో ఫేరీ చేస్తాడు. ఇదివరకు పాత టీవీఎస్ ఎక్సెల్ ఉండేది. ముందు ఒక మూట, వెనక ఒక మూట. పోయిన రంజాన్ ముందు షోరూమ్‌లో ఎవరో దిమాగ్ తిప్పేశారు. "పెద్ద మోటార్, నాలుగు యూనిట్ల బ్యాటరీ, గంటకి వంద కిలోమీటర్లు, పెట్రోలు ఖర్చు సిఫర్" అన్నారట. ఎక్సెల్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, మిగతాది కిస్తీల మీద రాయించుకున్నాడు.

బండి బరువు 125 కిలోలు. మూట పెట్టడానికి ముందు జాగా చాలదు. సముద్రం వైపు ఇసుకలోకి దిగితే చక్రం కూరుకుపోతుంది, ఒక్కడి వల్ల బయటికి రాదు. వానాకాలంలో ఒకరోజు మోకాలి లోతు నీళ్లలో తెర ఆరిపోయింది. మూటలతో సహా మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇల్లు చేరాడు. ఆ రోజు పట్టేసిన నడుము ఇంకా వదల్లేదు. పార్టు రావాలన్నారు. నలభై రోజులకి వచ్చింది, పెట్టారు, మళ్లీ ఆగింది.

"భాయ్, బండి ఆగింది గానీ కిస్తీ మాత్రం ఆగట్లేదు" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

జనాబ్, నేను ఎలక్ట్రిక్ బండికి దుష్మన్‌ని కాను. పొగ లేదు, చప్పుడు లేదు, కిలోమీటరుకి ఖర్చు పైసల్లో. మా అవామ్‌కి అంతకంటే కావలసింది లేదు. నా షికాయత్ అంతా ఒక్కటే. ఉన్న చిన్న బండిలో లోపాలు సరిచేసే మెహనత్ వదిలేసి, ఏటా ఇంకా పెద్దది, ఇంకా బరువైనది, ఇంకా వేగమైనది తెచ్చి దాన్నే తరక్కీ అని అమ్ముతున్నారు. బజారు ఆ దారి పట్టింది, హుకూమత్ దానికి ఇంధనం పోసింది.

ఒట్టి మాట కాదు, హిసాబ్ చూడండి. ఫేమ్ రెండో విడత పథకం 2019 ఏప్రిల్‌లో మొదలైంది. సబ్సిడీ లెక్క బ్యాటరీ యూనిట్ల మీద పెట్టారు. మొదట యూనిట్‌కి 10 వేలు, 2021 జూన్ నుంచి 15 వేలు, బండి ధరలో 40 శాతం దాకా. అంటే రెండు యూనిట్ల బండికి 30 వేలు, నాలుగు యూనిట్ల బండికి 60 వేలు. పైగా షరతు ఏమిటంటే, గంటకి కనీసం 40 కిలోమీటర్ల వేగం, ఒక ఛార్జికి 80 కిలోమీటర్ల దూరం ఉంటేనే సబ్సిడీ. మెల్లగా పోయే చిన్న బండి ఆ దస్తర్‌ఖాన్ దగ్గరికే రాకూడదు. పెద్ద బ్యాటరీ పెట్టినవాడికి ఎక్కువ డబ్బు, తేలిక బండి చేసినవాడికి తక్కువ. అలాంటప్పుడు ఏ కంపెనీ ఇంజనీరు మాత్రం బరువు తగ్గించడానికి రాత్రుళ్లు మేలుకుంటాడు?

2023 జూన్‌లో ఆ సబ్సిడీ కోసేశారు. 2024 అక్టోబర్ నుంచి వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో యూనిట్‌కి 5 వేలు, బండికి 10 వేలకు మించకుండా హద్దు పెట్టారు. మరుసటి ఏడు అదీ సగం చేశారు. ఆ హద్దు మంచిదే, రెండు యూనిట్లు దాటినందుకు అదనపు ఇనామ్ ఇవ్వలేదు. కానీ అప్పటికే బజారుకి పెద్ద బండి షౌక్ ఎక్కేసింది.

ఈ బీమారీ మన దగ్గర పుట్టిందేం కాదు. ఒంటిచక్రం ఎలక్ట్రిక్ బండి సంగతి వినే ఉంటారు. రెండు పాదాల మధ్య ఒకే చక్రం, దాని మీద నిలబడి పోవడమే. షేన్ చెన్ అనే ఆవిష్కర్త 2011 ప్రాంతంలో సోలోవీల్ పేరుతో అమ్మినప్పుడు అది 11, 12 కిలోల సామాను. చేత్తో పట్టుకుని రైలెక్కొచ్చు. 2020లో వచ్చిన వెటరన్ షెర్మన్ 35 కిలోలు. తర్వాత వచ్చినవి 40 దాటాయి. రైలు దిగి ఇంటికి చేరడానికి పుట్టిన వస్తువు చివరికి మెట్లెక్కించలేని వస్తువైంది.

దానికి వాళ్లు చెప్పే దలీల్ ఉంది, ఇన్సాఫ్‌గా అదీ చెప్పాలి. ఒంటిచక్రం పడిపోకుండా నిలబెట్టేది మోటారే. మోటారుకి శక్తి చాలక చేతులెత్తేస్తే మనిషి ముఖం మీద పడతాడు. అందుకని ఎక్కువ వోల్టేజీ, పెద్ద బ్యాటరీ. నిజమే. కానీ ఆ మిగులు శక్తిని రక్షణ కోసం దాచి ఉంచారా? లేదు. వేగం పెంచడానికి వాడేశారు. వేగం పెరిగాక మళ్లీ మిగులు చాలలేదు. మళ్లీ పెద్ద బ్యాటరీ. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. అదే వేగం రెట్టింపైతే, గుద్దుకున్నప్పుడు దెబ్బ వెనకున్న శక్తి నాలుగు రెట్లు. బరువు పెరిగితే అది ఇంకా పెరుగుతుంది. ఈ పరుగుకి మంజిల్ లేదు.

హైదరాబాద్‌లో ఉండే నా దోస్త్ ఒకడు ఇంజనీరు. వాడితో ఇదే బహస్. "పెద్ద బ్యాటరీ అయితే రోజూ అడుగుదాకా ఖాళీ అవ్వదు, ఎక్కువ ఏళ్లు వస్తుంది, తెలుసా నీకు?" అన్నాడు. తెలుసు. రోజూ చీరాల నుంచి గుంటూరు పోయొచ్చేవాడికి పెద్ద బ్యాటరీ జరూరతే. వాడు కొనుక్కోవాలి. కానీ మా తమ్ముడు రోజుకి తిరిగేది 40 కిలోమీటర్లు. స్కూటర్‌కి కిలోమీటరుకి 30 వాట్‌అవర్ల లెక్కన 1.2 యూనిట్లు. మూటల బరువుకి ఇంకో పావు కలపండి, ఒకటిన్నర. రెండు యూనిట్లుంటే దండిగా సరిపోతుంది. మిగతా రెండు యూనిట్లు వాడు రోజూ ఫిజూల్‌గా మోస్తున్నాడు, వాటికీ వడ్డీ కడుతున్నాడు.

ఉన్నదాన్ని బాగుచేయడం అంటే ఏమిటో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. టీవీఎస్ 50 వచ్చింది 1980లో. నలభై ఏళ్లు దాటింది. రెండు స్ట్రోకుల ఇంజను పోయి నాలుగు స్ట్రోకులది వచ్చింది, 99.7 సీసీ అయింది, సెల్ఫ్ స్టార్ట్ వచ్చింది, ఫోను ఛార్జింగ్ వచ్చింది. కానీ ఈరోజుకీ బరువు 90 కిలోలకి అటూఇటే. ముందు ఖాళీ జాగా అలాగే ఉంది. చేపల గంపలు, పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, గడ్డిమోపులు, మన బాపట్ల, రేపల్లె రోడ్ల మీద అది మోయని సామానుందా? ఏ పల్లెలోనైనా పంక్చరు వేసేవాడు దాన్ని విప్పి బిగించగలడు. ఇంజనీరింగ్ అంటే అదీ, సాబ్. వాడేవాడి గురించి ఆలోచించినవాడు చేసిన పని.

కరెంటు బళ్లలోనూ ఆ దారి మూసుకుపోలేదు. 1972లో మొదలైన లూనాని 2024 ఫిబ్రవరిలో కరెంటు మీద మళ్లీ తెచ్చారు. రెండు యూనిట్ల బ్యాటరీ, బరువు 96 కిలోలు, ముందు ఖాళీ జాగా. అది గొప్ప బండో కాదో వాడినవాళ్లు చెప్పాలి. కానీ ఆలోచన సరైన దిక్కులో ఉంది.

మా ప్రాంతానికి బండి చేయాలంటే మా ప్రాంతం తెలియాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వరదొచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. ఇక్కడ గాలిలో ఉప్పు, రోడ్డు మీద ఇసుక, ఏటా నీళ్లు. కనెక్టర్‌కి తుప్పు పట్టకుండా చూడండి. కంట్రోలర్‌ని నీటికి అందనంత ఎత్తులో బిగించండి. ఆడమనిషి కూడా ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోగలిగే బరువులో బ్యాటరీ చేయండి. ఇవేవీ ప్రకటనలో మెరవవు. కానీ రోటీ సంపాదించేది ఇవే.

ప్రాణం పోకుండా కాపాడేదీ ఇవే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షలు బిగించింది. ఏఐఎస్ 156 సవరణలు 2022 డిసెంబర్ నుంచి విడతలుగా అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ పెద్దదైనందువల్ల ఎవరి జాన్ కూడా దక్కలేదు. సెల్ నుంచి సెల్‌కి మంట పాకకుండా చూడటం, వేడి ముందే కనిపెట్టడం, నీరు చొరకుండా ఆపడం, రక్షణ అంటే ఇవి. ఉన్నదాన్ని సరిచేసే పని.

నేను అడిగేది ఎక్కువేం కాదు. సబ్సిడీ ఇస్తే ఎంత పెద్ద బ్యాటరీ అని కాదు, ఒక యూనిట్ కరెంటుకి ఎంత సామాను ఎంత దూరం మోసింది అని కొలిచి ఇవ్వండి. తేలికపాటి బళ్ల ఛార్జింగ్ కనెక్టర్‌కి 2023లో బీఐఎస్ ఒక ప్రమాణం ఇచ్చింది, దాన్ని అందరికీ లాజిమ్ చేయండి. పార్టు ఇన్ని రోజుల్లో రాకపోతే ఆ నెల కిస్తీ కంపెనీయే కట్టాలని రాయండి. ఈ మూడో మాటకి షోరూమ్‌లు గోల పెడతాయి. పెట్టనివ్వండి. బండి ఆగినప్పుడు గోల పెట్టే హక్కు ఇన్నాళ్లూ మా వాళ్లకి ఎవరిచ్చారు?

వచ్చేసేటప్పుడు మామూ గుమ్మం దాకా వచ్చారు. "బేటా, నువ్వు అఖ్బార్‌లో రాస్తావుగా, వాడికి ఆ పాత ఎక్సెల్ తిరిగి వస్తుందేమో అడుగు" అన్నారు. దాన్ని ఎవరో రొయ్యల చెరువుల కాపలా మనిషి కొనుక్కున్నాడట. బాగా నడుస్తోందట. ఇవ్వనన్నాడట.

ఎందుకిస్తాడు?