పాముకో కొమ్మ

కుక్కలు, పిల్లులు, చిలుకలు, రంగుచేపలు... అన్నీ అయ్యాయి. ఇప్పుడు పాముల వంతు! బెంగళూరులో ఈ సరదా పెరిగాక, 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురానికి రాకుండా ఉంటుందా? ఆఫ్రికా బాల్ పైథాన్‌నో, అమెరికా కార్న్ స్నేక్‌నో గాజుపెట్టెలో పెట్టుకుని, అది ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ కొమ్మ కొనితెచ్చి లోపల వేస్తారు. చుట్టూ తుమ్మలూ రేగులూ ఎండి నిలబడి ఉన్న సీమలో కొమ్మను డబ్బిచ్చి కొనడమేమిటి? కాకపోతే బయట దొరికిన కొమ్మను తెచ్చి నేరుగా లోపల పెట్టకూడదు. దానికో పద్ధతుంది. అది తప్పితే పాముకు ఒళ్లు కాలుతుంది, ఎముక విరుగుతుంది, కుబుసం సరిగా ఊడదు.

కొమ్మ సంగతి చెప్పుకునే ముందు చట్టం సంగతి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము... మన చేలల్లో తిరిగే ఇలాంటి వాటిని ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కొండచిలువను పట్టి దాచితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్షలొస్తాయని రాయలసీమలో మోసపోయిన వాళ్లకూ, కేసుల్లో ఇరుక్కున్న వాళ్లకూ కొదవ లేదు. దాని తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. అయినా దానికి కొమ్మతో పనేముంది? పొడినేలలో దూరి ఎలుకల్ని తినే జీవి. వేరుశనగ రైతుకు కూలి అడగని కాపలాదారు. చేలోనే ఉండనివ్వండి.

విదేశీ పాములకూ లెక్కాపత్రం ఉంది. బాల్ పైథాన్ అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జీవి. 2022లో చట్టాన్ని సవరించాక, 2024లో వచ్చిన నియమాల ప్రకారం దాన్ని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాల్లేకుండా అమ్మజూపితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామాన్లు విప్పితే 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు బయటపడ్డాయి. వాటితోపాటే ఆరు కోతులు, చచ్చిపోయి! కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లే ఇక ముందుకు చదవండి.

అసలు బాల్ పైథాన్‌కు కొమ్మెందుకు, అది నేలమీద పాకేదే కదా అంటారు కొందరు. కాదు. నైజీరియాలో చేసిన పరిశీలనల్లో మగవి తరచూ చెట్లెక్కుతాయనీ, పక్షుల్ని ఎక్కువగా తింటాయనీ తేలింది. కార్న్ స్నేక్ అయితే చెప్పనక్కర్లేదు, ఎక్కడంలో దిట్ట. పైకి పాకితే కండరాలకు పని దొరుకుతుంది. కుబుసం విడిచేటప్పుడు మూతిని గరుకు చోట రుద్దితేనే పాత చర్మం ముందుగా అక్కడ తెగి, వెనక్కి మేజోడులా ఒలుచుకుపోతుంది. నున్నటి ప్లాస్టిక్ ఆ పని చేయదు.

ఏ చెట్టు కొమ్మ మంచిది? నన్నడిగితే ముందు జామ. గట్టిగా ఉంటుంది, వంకరలు తిరిగి పంగలు ఎక్కువ. పాము చుట్ట చుట్టుకుని కూర్చునేది ఆ పంగలోనే. చింత, రేగు, తుమ్మ కూడా పనికొస్తాయి. కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, అనంతపురంలో ఎక్కడ చూస్తే అక్కడే. చేవగల కట్టె. ముల్లు ఒక్కటీ మిగలకుండా మొదలుకంటా కోసి, ఆకురాయితో నున్నగా అరగదీసే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. పాము పొట్ట కింద మిగిలిన ముల్లు మీకు కనిపించదు, దానికి తెలుస్తుంది.

గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, జెముడు... విషపు పాలు కారేవేవీ వద్దు. నీలగిరి కొమ్మలోని నూనె ఘాటు మూసిన పెట్టెలో మంచిది కాదు. దేవదారు, పైన్ చెక్క అసలే వద్దు. యంత్రాలు ప్యాక్ చేసి వచ్చే పెట్టెల చెక్క ఎక్కువగా పైనే. ఎర్రచందనం గురించి చెప్పాలా?

ఇక్కడ చాలామంది చేయి చాచేది తోటల వైపు. కత్తిరింపుల కాలంలో చీనీ, దానిమ్మ కొమ్మలు గట్టు మీద కుప్పలుగా పడి ఉంటాయి, ఊరికే వస్తాయి. వద్దు. దానిమ్మకు మచ్చ తెగులు వచ్చిందంటే రాగి మందులూ యాంటీబయాటిక్ మందులూ కలిపి ఎన్నిసార్లు కొడతారో రైతును అడిగితే చెబుతాడు. ఆ మందు బెరడు పగుళ్లలో ఎంత మిగిలిందో ఎవరు కొలుస్తారు? ఇంటి పెరట్లో మందు ఎరగని జామచెట్టు ఉంటే అదే బంగారం. హైవే పక్క చెట్ల మీద పొగా దుమ్మూ పేరుకుని ఉంటుంది కాబట్టి అవీ వద్దు.

పచ్చికొమ్మ నరకొద్దు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల మీద ఒక చెట్టు కొమ్మ వేయడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలియనిది కాదు. గాలికి విరిగి ఎండినది చాలు. రిజర్వు ఫారెస్టులోంచి మాత్రం ఎండుపుల్ల కూడా తేవద్దు. తొర్ర ఉన్న మానును ముట్టుకోకండి, అందులో ఎవరో కాపురముంటారు. కట్టెల కుప్పలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, కాళ్లకు బూట్లు వేసుకోండి. చిన్నపింజరి, తేలు దాక్కునేది అక్కడే. పెంపుడు పాము కొమ్మ కోసం వెళ్లి అడవి పాముతో కరిపించుకుంటే ఆసుపత్రిలో ఏమని చెబుతారు?

లావు సంగతి. పాము నడుమంత మందమైనా ఉండాలి, కాస్త ఎక్కువైతే ఇంకా మంచిది. రెండు చేతులతో పట్టుకుని బలంగా నొక్కి చూడండి. చిటపటమంటే పొయ్యిలోకే.

ఇంటికి తెచ్చాక వేలితో లాగితే ఊడే బెరడునంతా తీసేయండి. పురుగులు గుడ్లు పెట్టేది దాని కిందే. గట్టిగా అంటుకున్న బెరడును ఉంచండి, ఆ గరుకు కావాలి. కొబ్బరిపీచుతో, ఉత్తనీళ్లతో తోమండి. సబ్బు వద్దు, కట్టె పీల్చుకుంటుంది. చిన్న కొమ్మలైతే పెద్ద గుండిగలో వేసి అరగంట నుంచి గంట దాకా మరగనివ్వండి. పట్టనివాటి మీద సలసల కాగే నీళ్లు రెండు మూడు విడతలుగా పోయండి. తర్వాత మిద్దె మీద ఎండ. అనంతపురం ఎండను ఇన్నాళ్లూ తిట్టుకున్నాం, ఇప్పుడు అక్కరకొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు వారాలు చాలు. ముసురు రోజుల్లో నెల దాటినా నమ్మకం లేదు.

ఎండకు పురుగంతా చస్తుందనుకోవద్దు. దేశాల మధ్య తిరిగే చెక్కపెట్టెలకు ఒక నియమముంది: కట్టె లోపలి మధ్యభాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి. సన్నపుల్లలు మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కప్పితే ఆ వేడికి దగ్గరపడవచ్చు. మణికట్టంత లావైతే కష్టం. తెలిసిన బేకరీ ఉంటే బ్రెడ్డు దింపాక, 100 డిగ్రీల పొయ్యిలో రెండు గంటలు ఉంచమని బతిమాలండి, దగ్గరుండి చూసుకోండి. పాము కోసమని మాత్రం చెప్పకండి!

ఆ తర్వాత చిన్న పరీక్ష. ఈ ఆదివారం పేజీలు చదవడం అయ్యాక వాటిని నేలమీద పరిచి, కొమ్మను పదిరోజులు వాటిపై ఉంచండి. పిండిలాంటి పొడి రాలిందా, పుచ్చు పురుగు బతికే ఉంది. మళ్లీ మరగబెట్టండి. పాములకు పట్టే మైట్స్ కొమ్మ నుంచే వస్తాయని భయపెడతారు కొందరు. సాధారణంగా అవి వచ్చేది మరో పాము నుంచి, దాని సామాను నుంచి. పాపం కొమ్మ మీద వేయొద్దు.

బిగించేటప్పుడు మేకులు లోపలికి పొడుచుకు రాకూడదు. బయటినుంచి స్క్రూ వేయించండి, లేదా మట్టి పోయకముందే కొమ్మను పెట్టె అడుగుకు ఆనించి నిలబెట్టండి. మట్టి మీద నిలబెట్టిన కొమ్మ పాము కింద తవ్వితే దాని మీదే పడుతుంది. అంటుకునే టేపు జోలికి పోవద్దు, పొలుసులతో సహా ఊడివస్తుంది. వార్నిష్ వద్దు. బాల్ పైథాన్ బరువైనది, పట్టు తక్కువ. ఎత్తుగా కాక అడ్డంగా, నేలకు దగ్గరగా పెట్టండి. బల్బు ఉంటే దానికీ కొమ్మకూ మధ్య కనీసం అడుగు దూరం, బల్బుకు జాలీ. చర్మం కాలుతున్నా పాము వెంటనే పక్కకు జరగదు.

మన వేసవిలో అసలు బల్బెందుకు? బాల్ పైథాన్‌కు పెట్టెలో వెచ్చటి మూల 32 డిగ్రీలు, చల్లటి మూల 26 ఉంటే చాలు. బయట 42 ఉన్న రోజు దాన్ని చల్లబరచడమే పని. ఇంకో చిక్కు తేమ. దానికి 60 శాతం దాకా కావాలి. మన మధ్యాహ్నపు గాలిలో అందులో సగం కూడా ఉండదు. పైగా బాగా ఎండిన కొమ్మ ఉన్న కాస్త తేమనూ తాగేస్తుంది. అలాగని కొమ్మను రోజూ తడిపితే బూజు పడుతుంది. మూతకు రంధ్రం చేసిన డబ్బాలో తడి కొబ్బరిపొట్టు నింపి ఒక మూల పెట్టండి. కుబుసం వేళ పాము తనే వెతుక్కుంటూ వచ్చి అందులో దూరుతుంది. అది లేనిచోట కంటిపొర ఊడక అలాగే అంటుకుపోతుంది. గోటితో పీకబోతే కన్నే పోవచ్చు, పశువైద్యుడికి చూపించండి.

కొత్త కొమ్మ పెట్టిన రోజే ఎక్కలేదని బెంగపడకండి. రెండు మూడు రాత్రులు నాలుకతో వాసన చూస్తూ చుట్టూ తిరుగుతుంది. మలం పడినచోట అప్పుడప్పుడే తోమేయండి. ఎంత తోమినా వాసన పోకపోతే దాన్ని మార్చాల్సిందే. రెండో కొమ్మను ఇప్పుడే మిద్దె మీద ఎండబెట్టుకుంటే అప్పటికి సిద్ధంగా ఉంటుంది.