మొదటి వారం లాగిన్ కాదు, బస్ టికెట్ ఇవ్వండి

"ఆన్‌బోర్డింగ్" అంటే ఏంటో మన బ్రాంచ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, కంపెనీ పేరున్న టీషర్ట్, ఒక వాటర్ బాటిల్. తర్వాత లాగిన్లు, పాస్‌వర్డ్‌లు, మధ్యాహ్నం దాకా సాగే పీపీటీ. అన్నీ టేబుల్ మీద పెట్టి ఫోటో తీసి లింక్డిన్‌లో పెట్టేస్తే ఉద్యోగం మొదలైనట్టే.

నేను రాస్తున్నది ఇంకో రకం ఉద్యోగం గురించి. లాభం కోసం కాకుండా జనం కోసం టెక్నాలజీ వాడే సంస్థలు ఉన్నాయి. ఉపాధి హామీ కూలి లెక్కలు చూసే లిబ్‌టెక్ ఇండియా, రైతులకి వీడియోల ద్వారా వ్యవసాయ సమాచారం అందించే డిజిటల్ గ్రీన్ లాంటివి. ఇలాంటి చోట్ల కూడా డేటా అనలిస్టులు కావాలి, మనలాంటి సీఎస్ఈ వాళ్ళు అప్లై చేస్తారు కూడా. అలా చేరిన కొత్త అనలిస్ట్‌కి మొదటి రోజే డేటాబేస్ లాగిన్ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ముందు ఆ డేటా పుట్టిన ఊరికి పంపాలి. మన కడప జిల్లాలో అయితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు బస్టాండ్లు చాలు. సిలబస్ మొత్తం అక్కడే కవరైపోతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఫుడ్ డెలివరీ యాప్‌లో అనలిస్ట్ లెక్క తప్పితే మనకి నచ్చని బిర్యానీ రికమెండ్ అవుతుంది. కూలి డేటాలో లెక్క తప్పితే ఒక ఇంట్లో బియ్యానికి డబ్బు ఉండదు. ఉపాధి హామీ పథకం మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. 2022-23 ఒక్క సంవత్సరంలోనే దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తీసేసినట్టు ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. చూపించిన కారణాల్లో నకిలీ కార్డు, డూప్లికేట్ కార్డు, పని చేయడానికి ఇష్టం లేదు, ఊరు వదిలి వెళ్ళారు, చనిపోయారు లాంటివి ఉన్నాయి. పని నిజంగా కావాల్సినవాళ్ళ పేర్లు కూడా అందులో పోయాయని లిబ్‌టెక్ వాళ్ళు ఆ ప్రభుత్వ వెబ్‌సైట్ డేటాతోనే చెప్పారు. పేరు తీసేసిందీ డేటానే, పట్టుకున్నదీ డేటానే. మధ్యలో ఊరిని ఎరిగిన మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

డూప్లికేట్ సంగతే తీసుకుందాం. పైథాన్‌లో డూప్లికేట్లు తీసేయడం మనకి ఒక్క లైన్ పని. మన పల్లెల్లో ఒకే పంచాయతీలో నలుగురు లక్ష్మీదేవులు, ముగ్గురు సుబ్బమ్మలు ఉండడం మామూలే. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళకి వయసు అడిగి సంవత్సరం ఒకటి రాసుకుంటారు, తేదీ గడిలో జనవరి 1 అని పడిపోతుంది. ఇప్పుడు పేరు, ఊరు, పుట్టిన తేదీ మూడూ కలిస్తే డూప్లికేట్ అని కోడ్ రాశామనుకోండి. ఇద్దరు సుబ్బమ్మల్లో ఒకామె మాయమైపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, పైగా "డేటా క్లీన్ అయింది" అని మనం సంతోషపడతాం. ఆ ఊరికి ఒక్కసారి పోయిన అనలిస్ట్ అయితే ఆ లైన్ రన్ చేసే ముందు ఆగుతాడు.

ఇంక మన మూడు ఊర్లకి వద్దాం.

పులివెందుల వైపు చీనీ తోటలు ఎక్కువ. కోస్తావాళ్ళు దాన్నే బత్తాయి అంటారు. హైదరాబాద్ జ్యూస్ షాపులో అదే మోసంబి. సర్వే ఫారంలో పంట పేరు టైప్ చేసే గడి ఉంటే ఒకే పంట మూడు పంటలుగా వస్తుంది. దీనికంటే పెద్ద చిక్కు శెనక్కాయలతో. మా అవ్వ శెనక్కాయలు అంటే వేరుశనగ. శెనగలు అంటే వేరే పంట, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో వేసేది. స్పెల్లింగ్ దగ్గరగా ఉందని ఫజ్జీ మ్యాచింగ్ ఈ రెండింటినీ కలిపేస్తే పంట నష్టం లెక్క ఎవరిది ఎవరికి పోతుంది? ఈ తేడా ఏ డాక్యుమెంటేషన్‌లోనూ ఉండదు. అంగడి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

జమ్మలమడుగు దాటి కొండాపురం వైపు పోతే గండికోట రిజర్వాయర్ కనిపిస్తుంది. దాని కెపాసిటీ 26.85 టీఎంసీలు. ఈ నీళ్ళ కోసం కొండాపురం మండలంలో ఊర్లకు ఊర్లే ఖాళీ అయ్యాయి. తాళ్ళప్రొద్దుటూరు జనాన్ని 2020లో ఖాళీ చేయించారు. 2011 జనాభా లెక్కల గ్రామాల జాబితా పెట్టుకుని పనిచేసే అనలిస్ట్‌కి ఈ ఊర్లు ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి. మ్యాప్ మీద పెడితే నీళ్ళలో పడతాయి. "లొకేషన్ తప్పు" అని ఆ వరసలు తీసేయాలనిపిస్తుంది. పేరును బట్టి మ్యాచ్ చేద్దామంటే అదింకో తంటా. తాళ్ళప్రొద్దుటూరులో ప్రొద్దుటూరు అన్న మాట ఉంది కాబట్టి ఆ కుటుంబాలన్నీ బంగారం అంగళ్ళున్న ప్రొద్దుటూరు టౌన్ ఖాతాలో పడిపోవచ్చు. ఇల్లు పోగొట్టుకుని పునరావాస కాలనీకి వచ్చిన మనిషి డేటాలో కూడా అడ్రస్ లేకుండా పోవడం చాలా అన్యాయం.

ప్రొద్దుటూరు విషయానికొస్తే అది బంగారం వ్యాపారానికి పేరు మోసిన ఊరు. చుట్టుపక్కల పల్లెల నుంచి నగలు కొనడానికీ వస్తారు, అవసరమొస్తే కుదువ పెట్టడానికీ వస్తారు. "మీకు అప్పు ఉందా?" అని ట్యాబ్ పట్టుకుని అడిగితే "లేదు నాయనా" అని చెప్పే ఇంట్లో కూడా కమ్మలు కుదువలో ఉండొచ్చు. అప్పు వేరే, కుదువ వేరే అని లెక్కేసుకునేవాళ్ళు ఉంటారు. మన గ్రాఫ్‌లో ఆ ఇల్లు అప్పు లేని ఇల్లు. పక్కన కూర్చుని "కమ్మలు యాడున్నాయి అవ్వా?" అని అడగగలిగినవాళ్ళకే అసలు సంగతి తెలుస్తుంది. "ఉపాధి హామీ" అన్న మాట కూడా అంతే. చాలామంది నోట అది ఇప్పటికీ కరువు పనే.

ఊర్లు తిరగడంతో పాటు రికార్డుల భాష కూడా నేర్పాలి. మన వైపు భూమి రికార్డులో 1.20 అని ఉంటే ఎకరా ఇరవై సెంట్లు. వంద సెంట్లయితే ఎకరా కాబట్టి దాన్ని దశాంశంగా చదివినా తప్పు లేదు. తెలంగాణలో అదే 1.20 అంటే ఎకరా ఇరవై గుంటలు. అక్కడ 40 గుంటలు ఒక ఎకరా, అంటే అది ఎకరన్నర. రెండు రాష్ట్రాల ఫైళ్ళు కలిపే సంస్థలో ఈ ముక్క చెప్పకపోతే ప్రతి రైతు భూమీ తప్పే. పాత అడంగల్‌లో ఫసలీ 1434 అని కనిపిస్తే అది టైపింగ్ తప్పు కాదు, 2024 జులై నుంచి 2025 జూన్ దాకా ఉన్న రెవెన్యూ సంవత్సరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాయచోటి, రాజంపేట వైపు మండలాలు కడప నుంచి అన్నమయ్య జిల్లాకి పోయాయి. ఆ తేదీకి ముందు, తర్వాత కడప లెక్కలు పక్కపక్కన పెట్టి "కూలీలు ఒక్కసారిగా తగ్గారు" అని రిపోర్ట్ రాస్తే నవ్వుతారు. జిల్లా పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా 2005లో 'సీ'తో మొదలయ్యేది కాస్తా 'కే'తో మొదలయ్యేదిగా మారింది.

అన్నిటికంటే ముఖ్యంగా సున్నా అంటే ఏంటో నేర్పాలి. ఉపాధి పనికి 2023 జనవరి నుంచి యాప్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చెరువుగట్టు మీద పని చేసిన రోజు హాజరు ఎక్కకపోతే డేటాలో ఆ రోజు పని లేదు. మనిషి రాలేదా, ఫోన్ పనిచేయలేదా అన్నది సున్నా చూసి చెప్పలేం.

ఇదంతా ఎలా నేర్పాలి అంటే మన దగ్గరే మంచి పద్ధతి ఉంది, సోషల్ ఆడిట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే ఇది మొదలైంది. 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని పెట్టారు. శిక్షణ తీసుకున్న పల్లె యువత రికార్డులు పట్టుకుని ఇంటింటికీ పోతారు. "నువ్వు ఇన్ని రోజులు పనిచేసినావని, ఇంత డబ్బు వచ్చిందని ఇందులో ఉంది, నిజమేనా?" అని అడుగుతారు. తర్వాత గ్రామసభలో చదువుతారు, ఆపైన మండలంలో అందరి ముందు విచారణ. ఏ కార్పొరేట్ ట్రైనింగ్‌లోనూ ఇంతకంటే మంచి డేటా వ్యాలిడేషన్ నేను చూడలేదు. అంతకు చాలా ముందే, రెండు వందల ఏళ్ళ కిందట, మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య సోదరులు, వాళ్ళ సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఉన్న వివరాలు రాయించారు. కడప సీమ ఊర్ల చరిత్రకి ఇప్పటికీ ఆధారంగా చూసే కైఫియత్తులు అలా వచ్చినవే. ఆఫీసులో కూర్చుని రాసుంటే అవి ఉండేవి కాదు.

నేను చెప్పే ఆన్‌బోర్డింగ్ ఇలా ఉంటుంది. మొదటి వారం, డేటాలోంచి ఏవో ఇరవై వరసలు ప్రింట్ తీసి కొత్త మనిషి చేతికివ్వాలి. ఫీల్డ్ స్టాఫ్‌లో ఒక అక్కో అన్నో తోడు వెళ్ళాలి. ప్రొద్దుటూరులో ఒక రోజు, జమ్మలమడుగులో ఒక రోజు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి ఇంకో రోజు. ప్రతి వరసకీ ఒక ఇల్లు వెతకాలి, కాగితంలో ఉన్నదీ ఇంట్లో చెప్పిందీ పక్కపక్కన రాయాలి. రెండో వారం, ఆ ఫారం నింపే పని తనే ఒక రోజు చేయాలి. ఎండలో నలభై ప్రశ్నలు అడిగితే ఏ గడి ఖాళీగా ఉంటుందో, ఎందుకు ఉంటుందో అర్థమవుతుంది. మూడో వారం లాగిన్. అప్పుడు కూడా పేర్లు, ఆధార్ నంబర్లు కనిపించని కాపీ మాత్రమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది కాబట్టి అని కాదు. సుబ్బమ్మ మనల్ని నమ్మి చెప్పింది కాబట్టి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఇలాంటి సంస్థల్లో మనుషులు తక్కువ, డబ్బు తక్కువ. నిధులిచ్చేవాళ్ళకి మార్చి లోపల రిపోర్ట్ కావాలి. కొత్తగా వచ్చినవాళ్ళు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇంటి నుంచి పనిచేస్తుంటారు. అన్నీ నిజమే. కానీ మూడు రోజుల బస్ ఛార్జీలు, భోజనం ఖర్చు ఒక టీషర్ట్, బాటిల్ కిట్ కంటే మరీ ఎక్కువేం కాదు. తప్పు రిపోర్ట్ మళ్ళీ చేయడానికి పట్టే నెలతో పోలిస్తే మూడు వారాలు తక్కువే. "ఫీల్డ్ వాళ్ళు చూసుకుంటారు, అనలిస్ట్‌కి కోడ్ వస్తే చాలు" అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. ఏ వరస ఉంచాలి, ఏది తీసేయాలి అని చివరికి నిర్ణయించేది కీబోర్డ్ ముందున్న మనిషే కదా. పైగా కోడ్ రాయడం ఇప్పుడు ఏఐ కూడా చేస్తుంది. కమ్మలు కుదువలో ఉన్నాయని దానికి ఎవరు చెప్పాలి?

ఇంకో మాట, ఇది మనకే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనలో చాలామందికి ఫసలీ, అడంగల్, కుదువ కొత్త మాటలు. తెలుగు క్లబ్ అంటే పద్యాలు, కథలే అనుకుంటాం. ఈ ఉద్యోగానికి మాత్రం తెలుగు కూడా పైథాన్ అంత అవసరం. మన జిల్లాలో పెరిగినవాళ్ళకి సగం సిలబస్ ఇంట్లోనే ఉంది, అవ్వతో మాట్లాడితే చాలు.

ప్లేస్‌మెంట్ల టైంలో ఇలాంటి సంస్థ ఇంటర్వ్యూకి వెళ్తే చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటారు కదా. జీతం తర్వాత అడుగుదాం. "మొదటి వారం నన్ను ఏ ఊరికి పంపిస్తారు సార్?" అని ముందు అడగండి. వాళ్ళు వెంటనే ఒక ఊరి పేరు చెప్తే ధైర్యంగా చేరిపోవచ్చు.