గొట్టంలో ఊదితే తెలియని సంగతి

మా నెల్లూరు జిల్లా కోస్తా మండలాలలో రొయ్యల పట్టుబడి తరచు చీకటితోనే మొదలవుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంతల గట్ల మీద, ఐసు దట్టించిన ట్రేలు వ్యానుకెక్కిన క్షణం నుంచీ డ్రైవరుకు తొందరే. సరుకు చెడకముందే ప్లాంటుకు చేరాలి. అటువంటి ఒక వేకువజామున, హైవే పక్కన టీ కొట్టులో ఒక డ్రైవరును చూశాను. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా టీ తొణికి వేళ్ళ మీద పడుతోంది. నా చూపు గమనించి తానే అన్నాడు: “రేత్రి చుక్క గూడా ముట్టలా అన్నా. ముట్టలా గాబట్టే ఈ వణుకు.”

ఆ నిమిషాన పోలీసులు ఆపి గొట్టంలో ఊదించి ఉంటే సున్నా వచ్చేది. మరి ఆ చేతులకు స్టీరింగు అప్పగించవచ్చునా?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను సంగతి చాలామందికి తెలుసు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. 2019 సవరణ తరువాత, మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే ఆ 30 ఎంత తొందరగా దాటుతామో, ఎంత నిదానంగా దానికి దిగివస్తామో తెలిసినవారు తక్కువ. అరవై కిలోల మనిషి ఒక క్వార్టరు విస్కీ తాగితే ఉజ్జాయింపుగా 150 దాకా పోవచ్చు. అది గంటకు 15 చొప్పున తగ్గుతుందనుకుందాం. రాత్రి పదింటికి ముగించి పడుకున్నవాడు వేకువ నాలుగింటికి బండి ఎక్కేసరికి ఇంకా 60 దగ్గర ఉంటాడు. చన్నీళ్ళ స్నానమూ మజ్జిగా ఆ లెక్కను మార్చలేవు.

ఇదంతా తాగిన రాత్రి లెక్క. రోజూ తాగే అలవాటున్న శరీరం మద్యం అందకపోతే ఏమవుతుందన్నది వేరే లెక్క. చివరి గ్లాసు తరువాత ఆరేడు గంటలకే వణుకు మొదలుకావచ్చు. తీవ్రంగా అలవాటుపడ్డవారికి మొదటి రెండు రోజుల్లో మూర్ఛ కూడా రావచ్చు. కార్తీకంలో మాల వేసుకొని ఒక్కసారిగా మానేసిన డ్రైవరును అందరమూ మెచ్చుకుంటాము. మెచ్చుకోవలసిందే. కాని ఆ మొదటి నాలుగు రోజులు వైద్యుణ్ణి చూడమనీ, బండి ఎక్కవద్దనీ చెప్పేవారు ఒక్కరూ కనబడరు.

చట్టం దీనిని బొత్తిగా ఎరుగదని కాదు. ప్రజలకు ప్రమాదం తెచ్చే వ్యాధి తనకు ఉన్నదని తెలిసీ వాహనం నడిపితే 186వ సెక్షను ప్రకారం నేరమే. మొదటిసారి జరిమానా 1,000 రూపాయలు! అలవాటుగా తాగే వ్యక్తికి లైసెన్సు లేకుండా చేసే అధికారం 19వ సెక్షనులో ఉన్నది. అయితే ఆ అలవాటు సంగతి అధికారికి చెప్పేదెవరు? లైసెన్సుకు నింపే ఫారం-1లో మూర్ఛలను గురించి, రేచీకటిని గురించి, ఎరుపు ఆకుపచ్చల తేడాను గురించి అడుగుతారు. మద్యం పేరెత్తి అడగరు. ‘ఇతర వ్యాధి ఏదైనా’ అన్న చివరి ప్రశ్నలో అదీ ఇమిడి ఉన్నదనుకోవాలి. బ్రిటనులో తాగుడు సమస్య ఉన్న డ్రైవరు ఆ మాట లైసెన్సు సంస్థకు తానే తెలియజేయాలి. దాస్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా.

అడగడం మర్యాద కాదనుకొంటాము కాబోలు. తాగుడు మగవాడి సొంత వ్యవహారం కాదని 1992లో మా దూబగుంట స్త్రీలు వీధికెక్కి తేల్చారు. అక్షరాస్యతా పుస్తకంలోని ‘సీతమ్మ కథ’ చదివిన ఆడవాళ్ళు సారా వేలంపాటలనే ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరువాతి సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చి 1997లో పోయింది. ఇల్లు గుల్ల కావడం వారి కళ్ళ ఎదుటి సంగతి. రోడ్డు మీది సంగతి అంతకన్న దూరం పోతుంది. 2025 అక్టోబరు 24న కర్నూలు వద్ద చిన్నటేకూరులో, తాగి నడిపినవాడి మోటారు సైకిలు డివైడరును కొట్టి రోడ్డుకు అడ్డంగా పడింది. వెనుక వచ్చిన బస్సు దానిని ఈడ్చుకుపోయి అంటుకున్నది. బస్సులో కాలిపోయినవారు 19 మంది.

“నిజం చెప్పినవాడి కూడు పోదా?” అని మిత్రుడొకరు వాదించారు. పోతుంది, ఇప్పుడున్న పద్ధతిలో తప్పక పోతుంది. అందుచేత ఊరికే ఫారంలో ఒక ప్రశ్న చేరిస్తే మరొక అబద్ధాన్ని చేర్చినట్లే. చెప్పినవాడికి ఒక గడువు ఇవ్వాలి. ఆ గడువులో చికిత్స ఉచితంగా జరగాలి, లైసెన్సు రద్దు కాకుండా పక్కన ఉండాలి, యజమాని అతనిని లోడింగు దగ్గరో గోదాములోనో నిలుపుకోవాలి. యజమానికి ఇది దయాధర్మం కాదు. 185, 186 సెక్షన్ల నేరాలను ప్రోత్సహించినవారికీ అదే శిక్ష అని 188వ సెక్షను చెబుతున్నది. వణుకుతున్న చేతిలో తాళం పెట్టి, “తెల్లారేలోగా పోర్టులో ఉండాలి” అన్నవాడిని ఆ సెక్షను కింద నిలబెట్టిన కేసు మా వైపు ఒక్కటైనా నా చెవిన పడలేదు.